మా ఊరి యుద్ధస్మారక పలక మీద అంకెలే ఉన్నాయి, పేర్లు లేవు. ఎక్కడ వెతకాలి?

సూరిబాబు (అల్వాల్) | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాను. సొంతూరు విశాఖ వైపు ఒక చిన్న పట్టణం. అక్కడ కమిటీలో మాట ఇంకా కుదరలేదు కాబట్టి ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు.

మా పాత తాలూకాఫీసు గోడకి ఒక పాలరాతి పలక ఉండేది. చిన్నప్పుడు మా నాన్న పని మీద ఆఫీసుకి వెళ్తే నేను ఆ గోడ నీడన కూర్చునేవాణ్ని. సున్నం పూతల కింద ఇంగ్లీషు అక్షరాలు అక్కడక్కడ కనపడేవి. అదేంటని నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఈమధ్య ఆ భవనం కూల్చేశారు. పలకని మాత్రం ఎవరో పుణ్యాత్ముడు పగలకుండా తీసి పక్క షెడ్డులో గోడకి జేరేశాడు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు తడిగుడ్డతో తుడిచి మొత్తం చదివాను. ఈ ఊరి నుంచి 1914–1919 మహాయుద్ధానికి 43 మంది వెళ్లారని, వారిలో ఐదుగురు ప్రాణాలిచ్చారని ఉంది. అంతే. ఎవరా ఐదుగురు? ఏ వీధి వాళ్లు? ఒక్క పేరూ లేదు.

ఊళ్లో కుర్రాళ్లు, కొందరు పెద్దలు కలిసి మూడు రోడ్ల కూడలిలో తుపాకీ పట్టుకున్న జవాను విగ్రహం పెట్టాలని చందాలు పోగు చేశారు. హైదరాబాద్‌లో శిల్పుల దగ్గర రేటు కనుక్కోమని నాకు పురమాయించారు. రేటు కనుక్కున్నాను. కానీ ఆ పలక చదివాక నాకు విగ్రహం మీద మనసు పోవడం లేదు. ముందు పేర్లు కావాలనిపిస్తోంది.

ఇందులో మా ఇంటి సంగతి కూడా ఉంది. మా తాత తమ్ముడు రెండో యుద్ధంలో సింగపూర్ వెళ్లి తిరిగి రాలేదు. ఏ రోజు పోయాడో తెలియదు కాబట్టి మా ఇంట్లో ఆయనకి మహాలయ అమావాస్య నాడే పెట్టేవారు. మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ ఆ రోజు విస్తరి వేసి, ‘తిథి తెలియని బిడ్డ’ అనేది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

మొదటి యుద్ధం వాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయి? రెండోదానివి? స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల వివరాలు ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


చరిత్ర మాస్టారు (నల్లకుంట) | శనివారం, రాత్రి 10:55

సూరిబాబు గారూ, ఆ పలకని ముందు జాగ్రత్త చేయించండి. అలాంటివి మొదటి యుద్ధం అయిపోయాక మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇతర చోట్లా చాలా ఊళ్లలో పెట్టారు. మాట తీరు అన్నిచోట్లా ఒకటే: ఇంతమంది వెళ్లారు, ఇంతమంది పోయారు. 1918 నవంబరులో కాల్పులు ఆగినా వెర్సేల్స్ సంధి మీద సంతకాలు 1919 జూన్ 28న జరిగాయి. అందుకే పలక మీద 1919 ఉంటుంది.

పేర్లు లేకపోవడం మీ ఊరికే పట్టిన గతి కాదు. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో మెసపటేమియా యుద్ధంలో పోయిన 40,000 మందికి పైగా ఉన్నారు. బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు పలకల మీద చెక్కారు. మామూలు మన సిపాయిలకి మాత్రం రెజిమెంటు పేరు, పక్కన ఎంతమంది అన్న అంకె. ఆ యుద్ధ సమాధులనీ స్మారకాలనీ చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో సొంత విచారణ నివేదికలోనే ఒప్పుకుంది: ఆసియా, ఆఫ్రికా వాళ్లు కనీసం 1,16,000 మందిని పేరు పెట్టి గుర్తు చేసుకోలేదని, కొందరిని అసలే గుర్తు చేసుకోలేదని.

ఇక వెతకడం. ఆ కమిషన్ వెబ్‌సైటులో రెండు యుద్ధాలకీ కలిపి 17 లక్షల మంది వివరాలు ఉన్నాయి. పేరుతో వెతికితే మన పేర్లు దొరకవు, ఎందుకంటే ఏ గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. అదనపు సమాచారం అనే గడిలో జిల్లా పేరుతో వెతకండి, అదీ ఆనాటి స్పెల్లింగుతో. విశాఖకి అప్పట్లో చివర ‘పటాం’ అని వచ్చేలా రాసేవారు, కృష్ణాకి ‘కిస్త్నా’. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఒక రాత్రి కూర్చోవాల్సిన పని. మీ చినతాత గారి దళం ఏదో తెలుసా?


సూరిబాబు (అల్వాల్) | శనివారం, రాత్రి 11:20

మాస్టారూ, ఇంట్లో ‘సప్లై’లో చేసేవాడని అనేవారు. ఇంకేం తెలియదు.


చరిత్ర మాస్టారు (నల్లకుంట) | శనివారం, రాత్రి 11:42

అయితే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అయ్యుంటుంది. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. నలభై వేలకు పైగా భారతీయ సైనికులు జపాన్ వాళ్లకి చిక్కారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, చేరని వాళ్లలో చాలామందిని న్యూగినీ దాకా ఓడల్లో తోలుకుపోయి చాకిరీ చేయించారు. సమాధి తెలియని వాళ్ల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద ఉన్నాయి, 24,000 దాకా. బర్మాలో పోయిన వాళ్లవి రంగూన్ స్మారకం మీద 27,000 దాకా. ఈ రెండూ చూడండి.


ఫస్ట్ లాన్సర్ వాసి | ఆదివారం, ఉదయం 7:15

మాస్టారు సార్, సూరిబాబన్నా, ఇది చదివినంక నాకు నిద్ర పట్టలే. నేను పుట్టి పెరిగింది ఫస్ట్ లాన్సర్‌ల. మసాబ్‌ట్యాంక్ పక్కనే. పక్క గల్లీ దాటితే ఏసీ గార్డ్స్. ‘లాన్సర్’ అంటే బల్లెం పట్టిన గుర్రపు సిపాయి అని నాకు ఇంటర్‌ల తెలిసింది. ఏసీ గార్డ్స్ అంటే నిజాం దగ్గర ఉండే ఆఫ్రికన్ గుర్రపు దళం అని మా దోస్త్ వాళ్ల నానమ్మ చెప్పింది. ఆమె సిద్దీ, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినోళ్ల సంతతి.

ఢిల్లీల తీన్‌మూర్తి అంటరు కదా, ఆ మూడు విగ్రహాలల్ల ఒకటి మన హైదరాబాద్ లాన్సర్లది. మిగిలిన రెండు జోధ్‌పూర్, మైసూర్. 1922ల పెట్టిండ్రు. 1918 సెప్టెంబర్ 23 నాడు ఇప్పటి ఇజ్రాయెల్‌ల ఉన్న హైఫా పట్నం మీదికి గుర్రాల మీద పోయిన బ్రిగేడ్ అది. 2018ల ఆ చౌరస్తాకు హైఫా పేరు కూడ కలిపిండ్రు. గాని మా బస్తీల ఆ లాన్సర్లు ఎవరో, ఎంతమంది పోయిండ్రో చెప్పే రాయి ఒక్కటి గూడ నేను చూడలే. బస్సు మీద ‘ఫస్ట్ లాన్సర్’ అని బోర్డు ఉంటది, గదే మిగిలింది.

19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఇంకోటి ఉండె గదా. ఆళ్లంత మనోళ్లేనా?


చరిత్ర మాస్టారు (నల్లకుంట) | ఆదివారం, ఉదయం 8:30

తమ్ముడూ, మంచి ప్రశ్న. జవాబు కొంచెం బాధగా ఉంటుంది. ఆ రెజిమెంట్ పుట్టింది ఇక్కడి నుంచే. నిజాం ఖర్చుతో ఇంగ్లీషు వాళ్లు నడిపిన దళాలు, రస్సెల్ బ్రిగేడ్, హైదరాబాద్ కంటింజెంట్, బొల్లారం దండు, అదీ దాని వంశం. కానీ ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి అందులో చేర్చుకున్నది కుమావోనీలని, జాట్లని, అహీర్లని. అందుకే 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావోన్ రెజిమెంట్‌గా మార్చారు. 1947 నవంబరులో బద్గాంలో పోయి తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ, 1962లో రెజాంగ్ లా దగ్గర చివరిదాకా నిలబడిన మేజర్ శైతాన్ సింగ్, ఇద్దరూ ఆ రెజిమెంటు వాళ్లే. మన ఊరి పేరు మోసిన దళం, మన ఊరి మనుషులు తక్కువ. స్మారకం కట్టేటప్పుడు పేరు చూసి పొరపడకూడదని ఇదంతా చెబుతున్నాను.

నిజాం సొంత సేన వేరు. 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబరు 8న మలయాలోని కోటా బారు విమానాశ్రయం దగ్గర ఉంది. ఆ రాత్రి జపాన్ వాళ్లు అక్కడ ఒడ్డుకి దిగినప్పుడు అమెరికా వాళ్ల పెర్ల్ హార్బర్ మీద ఇంకా బాంబులు పడలేదు. హైదరాబాద్ సిపాయిలకి ఆ యుద్ధం ప్రపంచం మేల్కొనక ముందే మొదలైంది. ఈ సంగతి మన బడిపుస్తకాల్లో నాకు ఎప్పుడూ తగల్లేదు.


రిటైర్డ్ హవల్దార్ (యాప్రాల్) | ఆదివారం, మధ్యాహ్నం 1:05

నేను 24 ఏళ్లు సర్వీసు చేసి వచ్చాను. సూరిబాబు గారు స్వాతంత్ర్యం తర్వాత వాళ్ల గురించి అడిగారు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. మాజీ సైనికులు, వీరనారుల (అంటే పోయిన సైనికుల భార్యల) రిజిస్టర్ వాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడ రెజిమెంటు తెలిస్తే ఆ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. ఫోన్ వద్దు, ఉత్తరమే. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, తేదీ, ఈ అయిదూ కాగితం మీద వచ్చాకే రాతికి ఎక్కించండి.

ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ 2019 ఫిబ్రవరి 25న తెరిచారు. తెరిచిన రోజుకి 25,942 పేర్లు. ఒక్కో పేరుకి ఒక్కో గ్రానైట్ పలక. అక్కడ ర్యాంకు చూసి పైన కింద పెట్టలేదు, జనరల్ పక్కనే సిపాయి ఉండొచ్చు. నేను రిటైరయ్యాక మా ఆవిడని తీసుకెళ్లి మా సెక్షన్‌లో నాతో పాటు ఒకే మెస్ టిన్‌లో తిన్నవాడి పేరు వెతికి చూపించాను. చేత్తో తడిమితే అక్షరం తగులుతుంది. అది చాలు నాకు.

మన సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉంది. పంద్రాగస్టుకి, జనవరి 26కి, రాష్ట్రావతరణ రోజున పెద్దలు పుష్పగుచ్ఛం పెడతారు. మిగతా రోజుల్లో ఆ రోడ్డున పోయే వాళ్లలో ఎంతమంది తల తిప్పి చూస్తారు చెప్పండి. పిల్లలకి హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు చెప్పి చూడండి. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో పోయారు, మహావీర చక్ర. నేను మా కాలనీ పిల్లలని అడిగాను. పదిమందిలో ఒక్కరికి తెలుసు.


వసంత (సైనిక్‌పురి) | ఆదివారం, సాయంత్రం 4:50

హవల్దార్ గారూ, మీరు రాసినదానికి నా మాట ఒకటి కలపాలి. మా తమ్ముడు ఆర్మీలో డ్రైవరు. యుద్ధం లేదు, కాల్పులు లేవు. కొండ దారిలో సరుకు లారీ లోయలో పడింది. వాడికి ఇరవై ఆరేళ్లు. కాగితం మీద ‘ఫిజికల్ క్యాజువాలిటీ’ అని వచ్చింది. పోరులో పోతే ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’ అంటారు, అది వేరే, ఇది వేరే అని ఆ రోజే మొదటిసారి విన్నాం. మా ఊళ్లో స్కూలు దగ్గర స్మారకం కట్టినప్పుడు వాడి పేరు చేర్చలేదు. కట్టినవాళ్లని తప్పు పట్టను, వాళ్లు నియమం చూసుకున్నారు. కానీ మా అమ్మ ఆ స్కూలు ముందు నుంచి వెళ్లడం మానేసింది. కూరగాయలకి చుట్టూ తిరిగి వెళ్తుంది.

సూరిబాబు గారూ, మీ రాతి మీద ఎవరి పేరు ఉండాలో నిర్ణయించే ముందు ఇది ఆలోచించండి.


రిటైర్డ్ హవల్దార్ (యాప్రాల్) | ఆదివారం, సాయంత్రం 5:30

అమ్మా, మీ తమ్ముడికి నా సెల్యూట్. ఆ రెండు మాటలు పెన్షన్ లెక్క కోసం, అవార్డుల లెక్క కోసం. ఫౌజు పెద్దది, లెక్క లేకుండా నడవదు. నేను మొదట రాయబోయింది, కింద వేరే వరుసలో పెట్టొచ్చు కదా అని. ఆగి మళ్లీ చదివాను మీ పోస్టు.


వసంత (సైనిక్‌పురి) | ఆదివారం, సాయంత్రం 5:48

వేరే వరుసలో చిన్న అక్షరాలతో పెడితే మా అమ్మ అసలే రాదండీ. పెట్టకపోయినా నయం.


రిటైర్డ్ హవల్దార్ (యాప్రాల్) | ఆదివారం, సాయంత్రం 6:02

అర్థమైంది అమ్మా. అయితే ఇలా చేయొచ్చు. ఎలా పోయాడు అన్నది రాయొద్దు. పేరు, యూనిట్, సంవత్సరం. అందరికీ ఒకే వరుస, ఒకే అక్షరం. ఊరు తన బిడ్డలని గుర్తు చేసుకుంటోంది, పెన్షన్ ఇవ్వట్లేదు కదా.


నిజం మాట్లాడదాం | ఆదివారం, రాత్రి 8:10

అందరూ కన్నీళ్లు పెడుతున్నారు కాబట్టి ఒక ప్రశ్న. 1914లో వెళ్లిన ఆ 43 మంది ఎవరి కోసం వెళ్లారు? ఇంగ్లీషు వాడి సామ్రాజ్యం కోసం. ఆ పలక కూడా ఇంకోసారి జనం సైన్యంలో చేరాలని తెల్లవాడు పెట్టిన ప్రకటనే. అదే జిల్లాలో మన్యంలో తెల్లవాడితో పోరాడి ప్రాణాలిచ్చిన గిరిజనుల పేర్లు ఎక్కడ? కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ముందు బస్సు ఎక్కేవాళ్లకి 1857 జూలై 17న ఆయన ఇంగ్లీషు వాడి రెసిడెన్సీ మీద చేసిన దాడి గురించి తెలుసా? ముందు వాళ్లకి రాళ్లు పెట్టండి.


సూరిబాబు (అల్వాల్) | ఆదివారం, రాత్రి 9:25

అన్నా, మీరన్నది మా కమిటీలో కూడా ఒకాయన అన్నాడు. ఆయన మాట కొట్టిపారేయలేను. మన్యం వాళ్ల పేర్లు వెతికి రాస్తామంటే నా జేబులోంచి మొదటి వెయ్యి నేనే ఇస్తాను.

కానీ నేను వెతకడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఇది: అప్పట్లో సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. మా వైపు వానలు లేని ఏడు, అప్పు తీరని ఏడు, ఆ పదకొండు రూపాయలు చూసి ఎక్కిన వాళ్లే ఎక్కువ అయ్యుంటారు. సామ్రాజ్యం అంటే ఏమిటో, రెండో యుద్ధానికి వెళ్లిన మా చినతాతకి కూడా తెలుసో లేదో నాకు తెలియదు. ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లు ఉన్నారని తెలుసు. తెల్లవాడు ఆ ఐదుగురినీ ఒక అంకె చేశాడు. మనం కూడా వాళ్లని వదిలేస్తే ఆ అంకె దగ్గరే ఆగిపోతారు. నేను పేర్లు అడుగుతున్నది వాళ్లు గొప్పవాళ్లని కాదన్నా, మా వాళ్లని.


నిజం మాట్లాడదాం | ఆదివారం, రాత్రి 9:50

సరే బ్రదర్. ఇంటివాడిగా అడిగితే నేను కాదనను. ఆ పలకలోని ఇంగ్లీషు మాటలకి పక్కన తెలుగులో ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఎవరి రాజ్యంలో అన్నది కూడా రాయండి. అది లేకుండా పెట్టొద్దు.


సూర్యాపేట కుర్రోడు (దిల్‌సుఖ్‌నగర్) | సోమవారం, ఉదయం 8:05

అన్నా, విగ్రహం వద్దంటే నేను ఒప్పుకోను. మాది సూర్యాపేట. కల్నల్ సంతోష్ బాబు సార్ 2020 జూన్ 15న గల్వాన్‌ల పోయిండు. ఆయనతోని కలిపి 20 మంది. సరిగ్గ ఏడాదికి మా కోర్టు చౌరస్తాల కంచు విగ్రహం పెట్టిండ్రు. నేను హైదరాబాద్ బస్సు ఎక్కేటప్పుడు రోజూ చూస్తా. పొద్దున పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టే అవ్వ కూడ పేరు చెప్తది. చిన్నపిల్లగాడు ‘నాన్న, ఎవరీ సారు’ అని అడుగుతడు, తండ్రి చెప్తడు. పేర్ల గోడ పెడితే ఎవరు ఆగి సదువుతరు?


చరిత్ర మాస్టారు (నల్లకుంట) | సోమవారం, ఉదయం 10:20

సూర్యాపేట తమ్ముడి మాట నిజం. మొహం తెలిసిన మనిషికి విగ్రహం పనిచేస్తుంది. అవ్వ ఆ మొహాన్ని టీవీలో చూసింది, ఊరంతా ఆయన శవపేటిక వెంట నడిచింది. సూరిబాబు గారి ఐదుగురికి మొహాలు లేవు. తుపాకీ పట్టిన అచ్చు విగ్రహం పెడితే ఆ మొహం ఎవరిదీ కాదు.

మన పూర్వులు దీనికి వేరే దారి చూశారు. వీరగల్లు తెలుసు కదా? తెలంగాణలో, రాయలసీమలో ఊరి పొలిమేరన ఇప్పటికీ ఉంటాయి. కత్తి పట్టిన మనిషి బొమ్మ, పైన సూర్యచంద్రులు. చాలావాటి మీద పేరు లేదు. ఊరు మర్చిపోలేక దేవుణ్ని చేసి పసుపు పూస్తూ వచ్చింది. ఇక పల్నాడు చూడండి. పన్నెండో శతాబ్దపు యుద్ధం, కారంపూడిలో నాగులేరు ఒడ్డున. ఇవాళ్టికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు కులం చూడకుండా అందరూ కలిసి చాపకూడు తింటారు. వీరుల ఆయుధాలని కొణతాలంటారు, ఊరూరి నుంచి మోసుకొస్తారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ పేర్లు నిలిచింది రాతి వల్ల కాదు. ఏటా ఒకరు నోరు తెరిచి పాడుతున్నారు కాబట్టి.

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగితే అక్కడి స్తంభం 1891లో లేచింది. ఆ 134 ఏళ్లూ బొబ్బిలి కథ బతికింది జంగం కథలు చెప్పేవాళ్ల గొంతులో.

అందుకని సూరిబాబు గారూ, రాయి పెట్టండి, దానితో పాటు ఏడాదికొక రోజు పెట్టుకోండి. ఊరి బడి పిల్లలు ఒక్కో పేరు పైకి చదవాలి.


రిటైర్డ్ మున్సిపల్ ఇంజినీర్ (ఈసీఐఎల్) | సోమవారం, మధ్యాహ్నం 2:15

ఒక పనికొచ్చే మాట. మూడు రోడ్ల కూడలి అన్నారు, అక్కడ ఆగండి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది: ప్రజా రహదారుల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్తగా విగ్రహాలకీ కట్టడాలకీ రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని. చందాలు పోశాక ఎవరో ఒకరు కోర్టుకి వెళ్తే ముసుగు కప్పిన విగ్రహం అలా ఏళ్ల తరబడి నిలబడుతుంది. నా సర్వీసులో ముసుగు విగ్రహం పక్కన డ్రైనేజీ పని చేయించాను, ఆ దృశ్యం బాగుండదు.

గ్రంథాలయం ఆవరణ గానీ బడి ఆవరణ గానీ చూడండి. తీర్మానం రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరు ఊడుస్తారు, దీపం బిల్లు ఎవరు కడతారు అన్నది కూడా ఆ తీర్మానంలోనే రాయించండి.


ఉలి పని (కుషాయిగూడ) | సోమవారం, రాత్రి 9:10

మాది మూడు తరాలుగా రాతిపని. నాన్న ఉలితో చెక్కేవారు, నేను మిషను మీద చేస్తాను. సూరిబాబు అన్నా, మొదట ఆ పాత పలక సంగతి. యాసిడ్ పోసి కడగొద్దు, ఎవరు చెప్పినా వినొద్దు. పాలరాయిని యాసిడ్ తినేస్తుంది, అక్షరం అంచు పోతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. చదవడానికి రాని చోట రాత్రిపూట లైటార్పి టార్చిని రాతికి పక్కవాటుగా పట్టుకోండి. అరిగిన అక్షరం నీడలో తేలుతుంది.

కొత్త రాయికి నల్ల గ్రానైట్ చాలు. ఒంగోలు వైపు చీమకుర్తి గెలాక్సీ అడుగుతారు, మెరుస్తుంది. కానీ ఆ మెరుపు చుక్కల్లో సన్న అక్షరం కనపడదు. సాదా నలుపు తీసుకోండి. స్టికర్ కోసి ఇసుకతో కొట్టి, పైన బంగారు రంగు పూస్తారు. ఎండకి ఆ రంగు నాలుగైదేళ్లలో పోతుంది. కోత పైపైన ఉంటే అప్పుడు పేరు కూడా పోయినట్టే. రెండు మూడు మిల్లీమీటర్ల లోతు అడగండి, డబ్బు కాస్త ఎక్కువైనా సరే. అక్షరం అంగుళానికి తగ్గొద్దు. మన తెలుగులో వత్తులున్నాయి, గుడి సుడి ఉన్నాయి, చిన్న సైజులో కొడితే ‘ఠ’లో చుక్క ఎగిరిపోతుంది, ‘ష’ కడుపు పూడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇంకోటి. మీరు ఫోన్లో టైపు చేసి పంపిన పేర్లని డీటీపీ షాపులో అను ఫాంటులోకి మారుస్తారు. మార్చేటప్పుడు వత్తులు జారిపోతాయి. ఫైలు ముద్రించి ఇంటివాళ్ల చేత చదివించి సంతకం తీసుకోండి. ఒకసారి మా దగ్గర ఒక తల్లి కొడుకు పేరు తప్పు పడిందని రాయి ముందు కూర్చుని లేవలేదు. ఆ రాయి మార్చి ఇచ్చాం. ఆ రోజు మర్చిపోను.


ఫస్ట్ లాన్సర్ వాసి | సోమవారం, రాత్రి 10:30

ఉలి అన్నా, టార్చి ముచ్చట మస్తుంది. మా తాన ఒక పాత గోరీ మీద రాతలున్నయ్, ఇయ్యాల రాత్రే పోయి చూస్త.


సూరిబాబు (అల్వాల్) | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:00

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మాస్టారు చెప్పినట్టు జిల్లా పేరుతో వెతికాను. నాలుగు రాత్రులు పట్టింది.

మా చినతాత దొరికాడు. సింగపూర్ స్మారకం మీద పేరు ఉంది. తండ్రి పేరు మా ముత్తాతదే, ఊరు మాదే, స్పెల్లింగు మాత్రం ఎవరిదో అన్నట్టుంది. తేదీ కూడా ఉంది. 1944. మా అన్నయ్యకి ఫోన్ చేసి తేదీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత పంచాంగం ఎవరి దగ్గరుందో కనుక్కుంటానన్నాడు. ఈ ఏడు ఆయనకి ఆయన తిథినే పెడతాం.

మొదటి యుద్ధం ఐదుగురిలో ఇద్దరు దొరికారు. ఇద్దరూ బస్రా లెక్కలో వాళ్లే. ఒకరి కుటుంబం ఊళ్లోనే ఉంది. రెండో యుద్ధంలో మా చినతాత కాక మరో నలుగురు. ఆ తర్వాత వాళ్లు ముగ్గురని సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్పారు, కాగితం వచ్చాక చేరుస్తాం. అందులో ఒకతను వసంత గారి తమ్ముడిలాగే ప్రమాదంలో పోయాడు. అందరూ ఒకే వరుసలో ఉంటారు. కమిటీలో దీని మీద గట్టిగా వాదన జరిగింది. చివరికి అతని తల్లిని పిలిచి కూర్చోబెట్టాక వాదన ఆగింది.

విగ్రహం మానుకున్నారు. కుర్రాళ్లకి కోపం వచ్చింది, కొందరు చందా వెనక్కి తీసుకున్నారు. గ్రంథాలయం ఆవరణ ఖాయమైంది. పాత పలక అక్కడే పెడతాం, పక్కన తెలుగులో అది ఎవరు పెట్టారో రాస్తాం.

ఇప్పుడు నా సందేహం ఒక పేరు గురించి. రికార్డులో ఇంగ్లీషులో ఒకే ‘ఆర్’తో ఉంది, చదివితే ‘ఎరన్న’ అని వస్తుంది. డీటీపీలో వచ్చిన ముద్రలోనూ ‘ఎరన్న’ అనే ఉంది. వాళ్ల ముని మనవరాలికి చూపించాను. ఆవిడకి డెబ్బై దాటింది. కాగితం దూరంగా పట్టుకుని, ‘ఇతనెవరు? మా ముత్తాత ఎర్రన్న’ అంది. రికార్డు ప్రకారం వెళ్లాలా, ఇంట్లో పిలిచినట్టా?


రిటైర్డ్ హవల్దార్ (యాప్రాల్) | ఆదివారం, రాత్రి 8:20

ఇంట్లో పిలిచినట్టే. రికార్డు నంబరు వెనక కాగితంలో ఉంచండి.


వసంత (సైనిక్‌పురి) | ఆదివారం, రాత్రి 8:41

ఆ తల్లికి నా నమస్కారం చెప్పండి సూరిబాబు గారూ. రాయి పెట్టే రోజు మా అమ్మని తీసుకొస్తాను, వీలైతే.


ఉలి పని (కుషాయిగూడ) | మంగళవారం, ఉదయం 11:15

అన్నా, మార్చిన ఫైలు వచ్చింది. పెద్దది చేసి చూశాను, ‘ర’ కింద వత్తు ఉంది. రాయి నేనే కోస్తాను, కూలి వద్దు, రాయి ధర ఇవ్వండి చాలు. పేర్ల లెక్క చూస్తే మొదటి యుద్ధం కింద రెండే ఉన్నాయి, దిగువన జాగా మిగులుతోంది. కింది పేర్లు పైకి జరపమంటారా?


సూరిబాబు (అల్వాల్) | మంగళవారం, ఉదయం 11:22

వద్దు తమ్ముడూ. ఇంకా ముగ్గురు దొరకాలి. మూడు వరుసల జాగా అలాగే వదిలేయండి.